తండ్రికి భారతరత్న, కుమారునికి జరిమానా

వితంతు వివాహానికీ, స్త్రీ విద్యకూ జీవితాన్ని అంకితం చేసిన ధోండో కేశవ కార్వేను 1958లో, ఆయన నూరవ యేట, ప్రభుత్వం భారతరత్న బిరుదంతో సత్కరించింది. ఆయన పెద్ద కుమారుడు రఘునాథ్ అప్పటికి అయిదేళ్ల క్రితమే కన్నుమూశారు. రఘునాథ్‌కు ప్రభుత్వం విధించినవి జరిమానాలు మాత్రమే.

1882లో జన్మించిన రఘునాథ్ తొమ్మిదేళ్ల వయసులో తల్లిని పోగొట్టుకున్నారు. ఆమె ప్రసవ సమయంలో మరణించింది. పెరిగి పెద్దవాడై, బొంబాయిలో గణితాచార్యుడైన ఆయన 1921లో ఆ నగరంలోనే సంతాన నియంత్రణ కేంద్రాన్ని ప్రారంభించారు. లండన్‌లో మేరీ స్టోప్స్ తన కేంద్రాన్ని తెరచినది కూడా ఆ సంవత్సరమే. ఈ ప్రచారం కళాశాల యాజమాన్యానికి రుచించలేదు. కార్వే ఉద్యోగాన్నే వదులుకున్నారు.

1927 జులైలో ఆయన 'సమాజ స్వాస్థ్య' అనే మరాఠీ మాసపత్రికను స్థాపించి, మరణించేవరకూ నడిపారు. కాన్పుల మధ్య ఎడం, సుఖవ్యాధులు, దాంపత్యంలో స్త్రీ ఇష్టానిష్టాలు మున్నగు విషయాలను దాపరికం లేకుండా చర్చించారు. ఇతరులను అడగడానికి సిగ్గుపడి పాఠకులు వ్రాసిన ప్రశ్నలకు శాస్త్రీయంగా సమాధానాలిచ్చారు. నష్టాలతో నడిచిన ఆ పత్రికకూ, ఇంటికీ అండగా నిలిచినది భార్య మాలతి.

అశ్లీలమన్న అభియోగంపై 1931లో ఆయనకు శిక్ష పడింది. 1934లో మళ్లీ కేసు నడిచినపుడు ఆయన పక్షాన వాదించినది డాక్టర్ అంబేద్కర్. లైంగిక విషయాలు వ్రాసినంత మాత్రాన అది అశ్లీలం కాజాలదన్నది ఆయన వాదన. కేసు ఓడిపోయింది. 1938లో అంబేద్కర్ పక్షం బొంబాయి శాసనసభలో సంతాన నియంత్రణ తీర్మానాన్ని ప్రవేశపెట్టగా సభ దానిని త్రోసిపుచ్చింది.

స్వాతంత్ర్యానంతరం మొదటి పంచవర్ష ప్రణాళికలో కుటుంబ నియంత్రణకు 65 లక్షల రూపాయలు కేటాయించారు. నిన్నటి నేరం ప్రభుత్వ కార్యక్రమమైంది. అయితే ఢిల్లీ స్వీకరించినది కార్వే బోధనలో సగం మాత్రమే. జనసంఖ్యే లక్ష్యమైనపుడు ఏమి జరుగుతుందో అత్యవసర పరిస్థితి నిరూపించింది. 1976-77లో 80 లక్షలకు పైగా శస్త్రచికిత్సలు జరిగాయి. వాటిలో ఎన్నో బలవంతాన జరిగినవే. 1977 ఎన్నికలలో ఉత్తర భారత ప్రజలు అందుకు తీర్పు చెప్పారు.

కార్వే ఎవరినీ బలవంతపెట్టలేదు. తెలిసినది చెప్పి, నిర్ణయాన్ని దంపతులకు, ముఖ్యంగా స్త్రీకి, వదిలారు. పాఠశాలలో ఈ విషయాలు బోధించాలన్న ప్రతిపాదన వచ్చినపుడెల్లా నేటికీ మన చట్టసభలలో అలజడి రేగుతూనే ఉన్నది. సభ్యులు ఆ పాత మరాఠీ పత్రిక చరిత్రను ఒకసారి జ్ఞాపకం చేసుకోవడం మంచిది.