అక్క నోటుబుక్కులో ఆరు పలకల గడి

మా అక్క కెమిస్ట్రీ నోటుబుక్కు నిండా తేనెపట్టు గళ్లలాంటి బొమ్మలుండేవి. ఒక్కో గడి మధ్యలో ఒక సున్నా. ఆర్ట్స్ చదివే నా కంటికి అవి ముగ్గులే. బెంజీన్ అణువులని అక్క చెప్పింది. ఆ గడి నిజంగానే చదునుగా, ఆరు పలకలుగా ఉందని కొలిచి చూపింది ఒక ఆడమనిషి అని మాత్రం ఈమధ్యే చదివాను. ఆమే కాథ్లీన్ లాన్స్‌డేల్.

కాథ్లీన్ 1903లో ఐర్లండులో పుట్టింది. పదిమంది పిల్లల్లో ఆఖరిది. చిన్నప్పుడే తల్లి పిల్లల్ని తీసుకుని ఇంగ్లండు వచ్చేసింది. అక్కడి ఆడపిల్లల బడిలో ఫిజిక్స్, కెమిస్ట్రీ లేవు. ఆ పాఠాల కోసం మగపిల్లల బడికి వెళ్లి కూర్చునేది. పదహారేళ్లకే లండన్‌లోని బెడ్‌ఫర్డ్ మహిళా కళాశాలలో చేరింది (మనలాంటి కాలేజీయే!). 1922లో డిగ్రీలో యూనివర్సిటీ ఫస్టు వచ్చింది. పరీక్షకుల్లో ఒకరైన విలియం హెన్రీ బ్రాగ్ ఆమెను పరిశోధనకు పిలిచాడు.

స్ఫటికం మీద ఎక్స్ కిరణాలు పడేటట్టు చేసి, లోపలి అమరికను లెక్కగట్టడం బ్రాగ్ తండ్రీకొడుకుల విద్య. మనం కూరలో వేసే ఉప్పులో విడి అణువంటూ లేదని అలాగే తేలింది. ఒక్కో సోడియం చుట్టూ ఆరు క్లోరిన్లు, ఒక్కో క్లోరిన్ చుట్టూ ఆరు సోడియంలు. ధనావేశం, రుణావేశం ఒకదాన్నొకటి లాక్కుని నిలబడతాయి. ఇది అయానిక బంధం.

బెంజీన్ సంగతి వేరు. అక్కడ కార్బన్లు ఎలక్ట్రాన్లను పంచుకుంటాయి. 1865లో కెకులే దాన్ని ఉంగరంగా ఊహించి, ఏకబంధం, ద్విబంధం మార్చి మార్చి పెట్టాడు. కానీ ద్విబంధం పొట్టిది. అలాగైతే ఆరు భుజాలు సమానంగా ఎలా ఉంటాయి? పైగా ఉంగరం చదునా, వజ్రంలోలాగా వంకరా? అరవై ఏళ్లు గడిచినా తేలలేదు.

1927లో థామస్ లాన్స్‌డేల్‌తో పెళ్లయి, లీడ్స్‌లో కాపురం పెట్టింది. ఇక పరిశోధన మానేసి ఇల్లు చూసుకుందామనుకుందట. భర్తే వద్దన్నాడు. బెంజీన్ మామూలుగా ద్రవం. అందుకని ప్రొఫెసర్ ఇంగోల్డ్ ఆమెకు హెక్సామిథైల్‌బెంజీన్ స్ఫటికాలిచ్చాడు. కంప్యూటర్లు లేని రోజులు, లెక్కలన్నీ చేత్తోనే. 1929లో జవాబు వచ్చింది. ఉంగరం చదును, ఆరు భుజాలూ సమానం. ఆ ఎలక్ట్రాన్లు ఏ ఇద్దరివీ కావు, ఆరుగురి ఉమ్మడి ఆస్తి. అక్క గీసిన సున్నాకి అర్థం అదే.

ఆ ఏడే మొదటి బిడ్డ పుట్టింది. తర్వాత మరో ఇద్దరు. ఇంటిపనికి మనిషిని పెట్టుకోమని బ్రాగ్ డబ్బు ఏర్పాటు చేయించాడు. పెద్ద పెద్ద బహుమతుల కంటే ఈ సంగతే నాకు గొప్పగా తోచింది.

ఆమె క్వేకర్, యుద్ధానికి విరోధి. 1943లో పౌరరక్షణ పనికి పేరు రాయించుకోనంది. చిన్నపిల్లల తల్లి కాబట్టి రాయించుకున్నా మినహాయింపు దొరికేదే. రెండు పౌన్ల జరిమానా కూడా కట్టక, నెల్లాళ్లు హాలోవే జైలుకి పోయింది. అక్కడా లెక్కలు మానలేదు. రెండేళ్లకి, 1945లో, రాయల్ సొసైటీ తొలిసారి స్త్రీలను ఫెలోలుగా తీసుకుంది. ఆ ఇద్దరిలో ఈమె ఒకరు. 1949లో ప్రొఫెసర్ అయింది. 1971లో చనిపోయింది.

మా అక్క ఎం.ఎస్సీ. రెండో ఏడు పెళ్లితో ఆగిపోయింది. ఇది రాసి ఫోన్లో చదివి వినిపించాను. బెంజీన్‌లో బంధం పొడవు 1.54 ఆంగ్‌స్ట్రామ్ అని రాశాను. అది ఏకబంధానిదే, బెంజీన్‌ది 1.39 అని చూసుకోకుండానే దిద్దింది. ఆ నోటుబుక్కు పాతపేపర్లవాడికి వేయలేదు కదా అని అడిగింది.