మిఖాయిల్ త్స్వెట్

మిఖాయిల్ సెమ్యోనొవిచ్ త్స్వెట్ (మే 14, 1872 - జూన్ 26, 1919) రష్యాకు చెందిన వృక్షశాస్త్రవేత్త. ఆకులలోని వర్ణకాలను వేరుచేయడానికి ఇతడు కనుగొన్న క్రొమటోగ్రఫీ పద్ధతి నేడు ప్రపంచమంతటా ప్రయోగశాలలలో వాడుకలో ఉన్నది. రష్యన్ భాషలో ఇతని ఇంటిపేరుకు రంగు అని అర్థం.

బాల్యము, విద్య

త్స్వెట్ ఇటలీలోని అస్తి పట్టణంలో జన్మించాడు. తండ్రి రష్యా దేశీయుడు, తల్లి ఇటలీ వనిత. పుట్టిన కొద్దికాలానికే తల్లి మరణించగా స్విట్జర్లాండులో పెరిగాడు. 1896లో జెనీవా విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొంది రష్యాకు వెళ్ళాడు. అక్కడ విదేశీ పట్టాకు గుర్తింపు లేనందున 1901లో కజాన్‌లో తిరిగి మాస్టర్ పట్టా సంపాదించవలసి వచ్చింది. అటుపిమ్మట, ఆనాడు రష్యా సామ్రాజ్యంలో భాగమైన వార్సా నగరంలోని విశ్వవిద్యాలయంలో చేరాడు.

పరిశోధన

పెట్రోలియం ఈథర్ ఆకు నుండి కెరోటిన్‌ను మాత్రమే సులభంగా గ్రహిస్తుంది. కొంచెం ఆల్కహాలు చేర్చితే పత్రహరితం కూడా వెలువడుతుంది. వడపోత కాగితానికి పట్టించిన వర్ణకాలు కూడా ఇదే విధంగా ప్రవర్తించడం త్స్వెట్ గమనించాడు. వర్ణకాలు ఘనపదార్థపు ఉపరితలానికి అంటుకొని ఉండటమే, అనగా అధిశోషణమే, ఇందుకు కారణమని నిర్ధారించాడు.

ఆపై గాజుగొట్టంలో సుద్దపొడి కూరి, ఆకురసాన్ని పైనుండి పోసి, ద్రావణితో కడిగాడు. గట్టిగా అంటుకొనే వర్ణకం పైన నిలువగా, తక్కువగా అంటుకొనేది కిందికి సాగి, రంగుల పట్టీలు ఏర్పడ్డాయి. పత్రహరితం రెండు రకాలనీ, జాంథోఫిల్ ఒకే పదార్థం కాదనీ ఈ పద్ధతి చూపింది. 1903లో వార్సాలో దీనిని గూర్చి ప్రసంగించాడు. 1906లో జర్మన్ పత్రికలో ప్రచురించిన వ్యాసాలలో క్రొమటోగ్రఫీ అనే పేరు పెట్టాడు.

నిరాదరణ, చివరి రోజులు

అధిశోషణంలో వర్ణకాలు రసాయనికంగా మారిపోతాయేమోనని కొందరు రసాయన శాస్త్రజ్ఞులు సందేహించారు. 1910లో వెలువడిన ఇతని ముఖ్యగ్రంథం రష్యన్ భాషలో ఉండటం వలన ఇతర దేశాలలో ఎక్కువమందికి చేరలేదు. 1915లో వృక్షవర్ణకాల పరిశోధనకు నోబెల్ బహుమతి జర్మనీకి చెందిన రిచర్డ్ విల్‌స్టాటర్‌కు లభించింది. అదే ఏట జర్మన్ సేనలు వార్సాను ఆక్రమించడంతో త్స్వెట్ ఆ నగరాన్ని వీడాడు. 1917లో యూర్యెవ్ (నేటి తార్తు) విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు. 1918లో అక్కడి నుండీ వెళ్ళవలసి వచ్చింది. ఆ సంవత్సరమే నోబెల్ బహుమతికి ఇతని పేరు ప్రతిపాదింపబడినా బహుమతి రాలేదు. 1919లో వొరోనెజ్‌లో 47వ ఏట మరణించాడు.

మరణానంతరం

1931లో హైడెల్‌బర్గ్‌లో రిచర్డ్ కూన్, ఎడ్గార్ లెడరర్ తదితరులు ఇతని పద్ధతితో కెరోటిన్ రకాలను వేరుచేసి దానికి పునర్జన్మనిచ్చారు. 1944లో ఆర్చర్ మార్టిన్ బృందం గొట్టానికి బదులు వడపోత కాగితాన్ని వాడి కాగితపు క్రొమటోగ్రఫీని ప్రవేశపెట్టింది. పాఠశాలలో పాలకూర రసపు చుక్కను కాగితంపై ఉంచి ద్రావణిలో నిలిపినప్పుడు కెరోటిన్ అన్నిటికంటె పైకి, దాని కింద జాంథోఫిల్, ఆ కింద పత్రహరితాలు చేరడం వెనుకనున్న సూత్రానికి మూలం త్స్వెట్ పరిశోధనయే.