డాక్టర్ జాకీర్ హుస్సేన్: మతం అడ్డు వస్తుందనుకున్న ఎన్నిక



జగిత్యాలలో గానీ, కోరుట్లలో గానీ, సిరిసిల్లలో గానీ ఓటు వేయడానికి వరుసలో నిలబడినప్పుడు రాష్ట్రపతి సంగతి మీకు గుర్తుకు వచ్చి ఉండదు. ఆ ఎన్నికలో మనకు నేరుగా ఓటు లేదు. కాని మనం గెలిపించిన ఎమ్మెల్యేకు ఉంది. 1967లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఎమ్మెల్యే ఒక్కొక్కరి ఓటు విలువ 125, పార్లమెంటు సభ్యుని ఓటు విలువ 576. అంటే మన ఊరి ఓటు ఎమ్మెల్యే చేతుల మీదుగా రాష్ట్రపతి భవనం గడప దాకా పోతుందన్నమాట. ఆ ఏడు ఆ ఓట్లు తేల్చవలసిన ప్రశ్న మాత్రం మామూలుది కాదు. ఒక ముస్లిం ఈ దేశానికి రాష్ట్రపతి కాగలడా?

రాజ్యాంగంలో ఈ ప్రశ్నే లేదు. 58వ అధికరణం ప్రకారం అభ్యర్థి భారత పౌరుడై ఉండాలి, 35 ఏళ్ళు నిండి ఉండాలి, లోక్‌సభకు ఎన్నిక కాదగిన అర్హత ఉండాలి. మతం ఊసు అందులో ఎక్కడా కనిపించదు. కాని కాగితం మీద లేని ప్రశ్న మనుషుల మనసుల్లో ఉండవచ్చు కదా!

ఆ అభ్యర్థి డాక్టర్ జాకీర్ హుస్సేన్. 1897 ఫిబ్రవరి 8న ఆయన పుట్టింది మన హైదరాబాదులోనే. అప్పటికి జగిత్యాల, సిరిసిల్ల కూడా ఆ నిజాం రాజ్యంలోనివే. తండ్రి ఫిదా హుస్సేన్ ఖాన్ వకీలు. పిల్లవాడికి పదేళ్ళప్పుడు ఆయన మరణించగా, కుటుంబం ఉత్తరాదిలోని తమ స్వస్థలం కాయంగంజ్‌కు తిరిగి వెళ్ళింది. కొన్నేళ్ళకే తల్లి కూడా కన్నుమూసింది.

అలీగఢ్ కళాశాలలో చదువుతుండగా గాంధీజీ సహాయ నిరాకరణ పిలుపు వచ్చింది. 1920లో ఆ కళాశాల విడిచి వచ్చిన వారు జామియా మిలియా ఇస్లామియా అనే జాతీయ విద్యాలయాన్ని స్థాపించారు. ఆ పనిలో ముందున్న యువకులలో జాకీర్ హుస్సేన్ ఒకరు. అప్పుడాయనకు 23 ఏళ్ళు. తర్వాత జర్మనీ వెళ్ళి, 1926లో బెర్లిన్‌లో అర్థశాస్త్రంలో డాక్టరేటు పొందారు. ఆ పట్టాతో పెద్ద ఉద్యోగం ఏదైనా దొరికేది. ఆయన మాత్రం డబ్బు లేక మూతపడబోతున్న జామియాకే వచ్చి, 1948 వరకు దాని బాధ్యత మోశారు. అక్కడి అధ్యాపకులు నెలకు 150 రూపాయలకు మించి తీసుకోకుండా 20 ఏళ్ళు పనిచేస్తామని ప్రతిజ్ఞ చేశారు. ఇది చదువుతుంటే చాలీచాలని జీతంతో ఊరూరా తిరిగిన మన పాతకాలపు ఉపదేశులు గుర్తుకు వస్తారు.

ఒకనాడు బడిపిల్లలకు మిఠాయిలు పంచుతుండగా, ఆయన చిన్న కూతురు చనిపోయిందని చెవిలో చెప్పారట. ఆయన ముఖం వాడింది గాని చెయ్యి ఆగలేదు. పిల్లల సంతోషం చెడగొట్టడం ఆయనకు ఇష్టం లేకపోయింది.

సిరిసిల్ల నేతన్నల ఇళ్ళలో వారికి మరొక సంగతి నచ్చుతుంది. 1937లో వార్ధాలో గాంధీజీ తలపెట్టిన మౌలిక విద్యకు రూపం ఇచ్చిన సంఘానికి అధ్యక్షుడు ఈయనే. నూలు వడకడం, బట్ట నేయడం వంటి చేతిపని ద్వారానే పిల్లవాడికి లెక్కలు, లోకజ్ఞానం నేర్పాలన్నది ఆ పథకం. మగ్గం ముందు కూర్చున్న బిడ్డను చదువురానివాడని చిన్నచూపు చూసే దేశంలో అది పెద్ద మాటే.

ఇక మతం విషయానికి వద్దాం. ఈయనకు రెండు వైపుల నుంచీ దెబ్బ తగిలింది. 1946లో తాత్కాలిక ప్రభుత్వంలో చోటుకు కాంగ్రెస్ వైపు నుంచి ఈయన పేరు వినిపిస్తే ముస్లిం లీగ్ ఒప్పుకోలేదు. తమ పార్టీ కాని ముస్లిం వారికి ముస్లింగా కనిపించలేదు! మరుసటి ఏడు, విభజన అల్లర్లలో, కాశ్మీరు వైపు ప్రయాణిస్తూ జలంధర్ రైల్వేస్టేషన్‌లో అల్లరిమూక చేతికి చిక్కారు. వారికి ఆయన ముస్లింగా తప్ప మరోలా కనిపించలేదు. ఒక సిక్కు సైనికాధికారి, ఒక హిందూ రైల్వే ఉద్యోగి అడ్డుపడకపోతే ఆయన కథ అక్కడితో ముగిసేది. సొంత తమ్ముడు మహమూద్ హుస్సేన్ పాకిస్తాన్ పక్షాన నిలిచి, అక్కడ మంత్రి అయ్యారు. మరో సోదరుడు యూసుఫ్ హుస్సేన్ మన ఉస్మానియాలో చరిత్ర బోధించారు. జాకీర్ హుస్సేన్ ఈ దేశంలోనే ఉండి, 1948లో అందరూ అనుమానంగా చూస్తున్న అలీగఢ్ విశ్వవిద్యాలయాన్ని నిలబెట్టే పని నెత్తిన వేసుకున్నారు. 1957లో బీహారు గవర్నరు, 1962లో ఉపరాష్ట్రపతి అయ్యారు.

అయినా 1967లో ఆయన గెలుపు ఖాయమని ఎవరూ అనలేదు. పాకిస్తాన్‌తో యుద్ధం జరిగి రెండేళ్ళే అయింది. ఫిబ్రవరి ఎన్నికలలో కాంగ్రెస్ లోక్‌సభలో 283 స్థానాలకు పడిపోయింది, అనేక రాష్ట్రాలలో అధికారం పోగొట్టుకుంది. పార్టీ అధ్యక్షుడు కామరాజ్‌కు రాధాకృష్ణన్ గారినే కొనసాగించాలని ఉండేది. ఇందిరాగాంధీ జాకీర్ హుస్సేన్ కోసం పట్టుబట్టారు. ఓటు రహస్యం కాబట్టి సొంత పార్టీవారే మతం చూసి జారిపోతారేమోనన్న భయం ఉండనే ఉంది.

ప్రతిపక్షాలు నిలబెట్టింది ఎవరినో తెలుసా? మన రాజమండ్రిలో పుట్టిన కోకా సుబ్బారావు గారిని. ప్రాథమిక హక్కులను పార్లమెంటు కూడా తగ్గించరాదని గోలక్‌నాథ్ కేసులో తీర్పు ఇచ్చిన ప్రధాన న్యాయమూర్తి ఆయన. పోటీ కోసం ఏప్రిల్‌లో ఆ పదవి వదులుకున్నారు. న్యాయపీఠం దిగి నేరుగా పోటీకి రావడం నాకు అంతగా రుచించదు గాని, ఆయనను మతం కోసం నిలబడిన మనిషిగా చూడడం అన్యాయం. తెలుగు ఎమ్మెల్యేల ముందు ఒకవైపు తెలుగువాడు, మరోవైపు హైదరాబాదులో పుట్టినవాడు!

మే 6న పోలింగు జరిగింది. మొత్తం 17 మంది అభ్యర్థులు, వారిలో తొమ్మిది మందికి ఒక్క ఓటూ రాలేదు. జాకీర్ హుస్సేన్‌కు 4,71,244, సుబ్బారావు గారికి 3,63,971. లక్షకు పైగా ఆధిక్యం. భయపడినంత జారిపోవడం జరగలేదు. ఆయన మతం అందుకు అడ్డు కాలేదు. పార్టీ లెక్కే ఆయనను గెలిపించిందని అనేవారున్నారు, అది చాలావరకు నిజమే. కాని ఆ లెక్క మతం దగ్గర తప్పిపోకుండా నిలవడమే ఇక్కడ విశేషం.

ఇది కతోలికులమైన మనకు తెలియని బాధ కాదు. అమెరికాలో 1928లో కతోలికుడైన ఆల్ స్మిత్ పోటీ చేస్తే, పోపుగారు వాషింగ్టన్‌ను ఏలుతారని ప్రచారం చేశారు. ఓడిపోయారు. మతం ఒక్కటే కారణం కాదు గాని అదీ ఒక కారణం. 1960లో కెనడీ ప్రొటెస్టెంటు బోధకుల సభకే వెళ్ళి జవాబు చెప్పుకోవలసి వచ్చింది. దేశం మొత్తం మీద లక్షకు కాస్త పైచిలుకు ఓట్ల తేడాతో బయటపడ్డారు. మన దేశంలో 2012లో గారో కొండల కతోలికుడు పి.ఎ. సంగ్మా గారు రాష్ట్రపతి పదవికి నిలబడి, 3,15,987 ఓట్లతో ప్రణబ్ ముఖర్జీ చేతిలో ఓడారు. ఆయన గిరిజనుడిగా ఓటు అడిగారు, క్రైస్తవుడిగా కాదు. నాకది సబబుగానే తోచింది. మతం చూసి ఓటు వేయవద్దని చెప్పే మనం, మనవాడని ఓటు వేయమని అడగడం ఎలా?

జాకీర్ హుస్సేన్ 1967 మే 13న ప్రమాణం చేశారు. రెండేళ్ళు నిండకముందే, 1969 మే 3న, రాష్ట్రపతి భవనంలోనే మరణించారు. పదవిలో ఉండగా మరణించిన మొదటి రాష్ట్రపతి ఆయనే. ఆయనను తాను బ్రతికించుకున్న జామియా ప్రాంగణంలో ఖననం చేశారు.