వంతెనల శిల్పి ఫ్రేసినే

మంగళగిరిలో రైలెక్కి, కృష్ణను దాటి, విజయవాడ మీదుగా రాజమహేంద్రవరమునకు పోవువారికి కొవ్వూరు దాటగానే గోదావరిపై జంట కమానుల వరుస కానవచ్చును. కమానుల నుండి వ్రేలాడు ఉక్కు కట్లు రైలుదారిని మోయుచుండును. 1997వ సంవత్సరమున పూర్తియైన ఈ వంతెనకు 28 అంకణములు కలవు. ఒక్కొక్క అంకణము 97 మీటర్లకు పైబడిన పొడవు గలది. కమానులును, దారిని మోయు దూలములును కాంక్రీటుతో కట్టబడినవే. కాంక్రీటు నొక్కుడునకు ఓర్చును గాని, లాగినచో పగులును. అట్టి దానితో ఇంత పొడవైన దూలములు కట్టు ఉపాయమును లోకమునకు చూపినవాడు ఫ్రెంచి ఇంజనీరు యూజీన్ ఫ్రేసినే.

ఇతడు 1879వ సంవత్సరమున ఫ్రాన్సు దేశమున ఆబ్జా అను ఊరిలో జన్మించెను. పారిస్ నగరమునందలి ప్రసిద్ధ పాలిటెక్నిక్ విద్యాలయమున చేరగోరి వ్రాసిన మొదటి పరీక్షలో ఇతడు నెగ్గలేదు. అయినను నిరుత్సాహపడక మరల యత్నించి కృతార్థుడయ్యెను. పిదప వంతెనలు కట్టు విద్యను అభ్యసించి ఇంజనీరయ్యెను.

అలియే నదిపై ల వోర్డ్ర్ గ్రామము చెంత ఇతడు మూడు పలుచని కాంక్రీటు కమానులతో ఒక వంతెన కట్టెను. బరువులు మోపి పరీక్షించినపుడు అది చెక్కుచెదరలేదు. ఎల్లరును మెచ్చుకొనిరి. కాని కొన్ని మాసములకే, 1911వ సంవత్సరమున, కమానుల నడిమి భాగములు క్రుంగసాగెను. ఉపేక్షించినచో వంతెన కూలుట నిశ్చయము. ఫ్రేసినే రాత్రివేళ సైకిలుపై పోయి, నమ్మకమైన నలుగురు పనివారిని నిద్రలేపి, కమానుల నడుమ జాకీలు అమర్చెను. తెల్లవారగానే మూడు కమానులను ఒకేసారి పైకెత్తిరి. అది సంతదినము. బండ్లు వచ్చినపుడెల్ల పని నిలిపి, అవి దాటిన పిమ్మట మరల సాగించిరి. వంతెన నిలిచెను.

గండము గడచినదని అతడు ఊరకుండలేదు. ఎడతెగని భారము క్రింద కాంక్రీటు ఏండ్ల తరబడి మెల్లమెల్లగా కుదించుకొనునని గ్రహించెను. ఆ కాలమున పెక్కుమంది పండితులు ఎరుగని సత్యమిది.

బండి చక్రమునకు ఇనుప పట్టాను కాల్చి తొడుగుదురు. చల్లారిన పట్టా బిగిసి, కొయ్య ముక్కలను ఒక్కటిగా పట్టి ఉంచును. అట్లే బిగలాగిన ఉక్కు తీగలతో కాంక్రీటును ముందుగానే నొక్కి ఉంచినచో, పైబరువు వంచ జూచినను అది పగులదు. మామూలు ఉక్కును వాడినచో, కాంక్రీటు కుదించుకొనగానే బిగువు సడలిపోవును. కనుక మిక్కిలి దృఢమైన ఉక్కును మిక్కిలి గట్టిగా లాగవలెనని అతడు నిర్ణయించెను. క్రుంగిన వంతెనయే ఈ పాఠము నేర్పినది. 1928వ సంవత్సరమున ఈ పద్ధతికి పేటెంటు పొందెను.

పిదప అతడు కాంక్రీటు స్తంభములు చేయు కర్మాగారము నెలకొల్పి, అందు తన ధనమెల్ల పోగొట్టుకొనెను. ఇంతలో ల హావ్ర్ రేవునందలి ఓడప్రయాణికుల స్టేషను నేలలోనికి దిగిపోసాగెను. 1934వ సంవత్సరమున ఆ పనికి పూనుకొని, తన పద్ధతితోనే దానిని నిలబెట్టెను. నాటి నుండి అతని కీర్తి దేశదేశముల వ్యాపించెను. అతడు 1962వ సంవత్సరమున మరణించెను.

నేడు గోదావరి వంతెన దూలములందు బిగువుగా ఉన్నవి అట్టి ఉక్కు తీగలే. అంతదూరము పోనక్కరలేదు. మంగళగిరి స్టేషనులో పట్టాల క్రింది కాంక్రీటు స్లీపర్లను చూడుడు. వాని లోపలను అవియే కలవు. తన పనిలోని లోపమును తానే పరిశోధించినవాని విద్య, మనలను అనుదినము మోయుచున్నది.