మాటల తడబాటులో వ్యాధిని గుర్తించిన వైద్యుడు అలోయిస్ అల్జీమర్

వృద్ధులు పేర్లు మరచిపోవడం, చెప్పదలచిన మాట నోటికి రాక తడుముకోవడం ప్రతి ఇంటా కనిపించేదే. వయసు మీదపడిందని సరిపెట్టుకోవడమూ పరిపాటే. అయితే కొందరిలో ఈ తడబాటు కేవలం వార్ధక్యం కాదు. మెదడులోని నాడీకణాలు క్రమంగా నశించడం వల్ల కలిగే వ్యాధి లక్షణం. ఈ సత్యాన్ని లోకానికి చాటిన వారిలో అగ్రగణ్యుడు జర్మనీ వైద్యుడు అలోయిస్ అల్జీమర్. ఆయన పేరు నేడు వ్యాధి పేరుగా అందరికీ పరిచితమే గాని, ఆయన జీవితం తెలిసినవారు తక్కువ. సూక్ష్మదర్శినితో ఆయన సాధించిన ఘనతకు పునాది పెన్సిలు, తాళంచెవి, చుట్ట వంటి సామాన్య వస్తువులతో చేసిన ఓపికైన పరీక్ష.

బాల్యం, విద్య

అల్జీమర్ 1864 జూన్ 14న బవేరియాలోని మార్క్‌ట్‌బ్రైట్ అనే చిన్న పట్టణంలో జన్మించారు. తండ్రి ఎడ్వర్డ్ నోటరీ. బెర్లిన్, ట్యూబింగెన్, వ్యుర్జ్‌బర్గ్ నగరాలలో వైద్యవిద్య అభ్యసించి, 1887లో పట్టా పొందారు. చెవిలో గులిమిని స్రవించే గ్రంథులు ఆయన సిద్ధాంత వ్యాసానికి విషయం. సూక్ష్మదర్శినిపై మక్కువ ఆనాటికే ఏర్పడింది.

1888 డిసెంబరులో ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలోని మానసిక చికిత్సాలయంలో చేరారు. దాని అధిపతి ఎమిల్ సియోలి రోగులను బంధించి ఉంచే పద్ధతికి స్వస్తి చెప్పి, దయతో చూసే విధానాన్ని ప్రోత్సహించిన వైద్యుడు. మరుసటి ఏడు ఫ్రాంజ్ నిస్ల్ అక్కడికి వచ్చారు. నాడీకణాలకు రంగులద్ది స్పష్టంగా చూపే పద్ధతిని కనుగొన్న నిస్ల్, అల్జీమర్‌కు ఆప్తమిత్రులయ్యారు. మనోవ్యాధులకు మూలం మెదడు కణాలలోనే వెదకాలన్న దృక్పథం ఇద్దరినీ కలిపింది.

1894లో సెసిలీ అనే సంపన్న వితంతువును అల్జీమర్ వివాహమాడారు. వారికి ముగ్గురు సంతానం. 1901లో భార్య మరణించడంతో ఆయన జీవితంలో చీకటి కమ్మింది. పిల్లల ఆలనాపాలనా సోదరి చేపట్టగా, ఆయన మరింతగా రోగుల సేవలో నిమగ్నులయ్యారు.

ఒక రోగి, కొన్ని ప్రశ్నలు

అదే సంవత్సరం నవంబరు 25న ఆగుస్టె డెటర్ అనే 51 ఏళ్ల స్త్రీని చికిత్సాలయంలో చేర్చారు. ఆమె భర్త రైల్వే గుమాస్తా. అకారణంగా భర్తను అనుమానించడం, వంట పాడుచేయడం, వస్తువులు దాచి మరచిపోవడం వంటి మార్పులు ఆమెలో కొంతకాలంగా కనిపిస్తున్నాయి. మరునాడు అల్జీమర్ ఆమె ఎదుట కూర్చొని ప్రశ్నలు మొదలుపెట్టారు. అడిగిన ప్రతి ప్రశ్ననూ, వచ్చిన ప్రతి జవాబునూ ఉన్నదున్నట్లుగా వ్రాసుకొన్నారు.

పేరు అడిగితే ఆగుస్టె అన్నది. భర్త పేరు అడిగినా తన పేరే చెప్పినది. పెన్సిలు, కలం, తాళంచెవి, చుట్ట చూపితే వాటి పేర్లు సరిగానే చెప్పింది; కొంతసేపటికి ఏమేమి చూపారని అడిగితే ఒక్కటీ గుర్తులేదు. భోజన సమయంలో పంది మాంసం, కాలీఫ్లవరు తింటూ, ఏమి తింటున్నావంటే పాలకూర అన్నది. తన పేరు వ్రాయమంటే శ్రీమతి అనే మాట వ్రాసి, తరువాత ఏమి వ్రాయాలో మరచి ఆగిపోయింది. తనను తానే పోగొట్టుకున్నానని వాపోయేది. జ్ఞాపకం సడలడం వల్ల వ్రాత కూడా చెడుతున్నదని అల్జీమర్ ప్రత్యేకంగా గుర్తించారు.

వస్తువుల పేర్లు చెప్పించడం, చదివించడం, వ్రాయించడం, కాసేపయ్యాక మళ్లీ అడగడం – నేటి ప్రాథమిక పరీక్షలలోనూ ఇవే ప్రధానాంశాలు. 1975లో అమెరికాలో రూపొంది ప్రపంచమంతటా వ్యాపించిన చిన్న మానసిక స్థితి పరీక్షలోనూ పెన్సిలు, గడియారం చూపి పేర్లు అడుగుతారు. ఒక వాక్యం వ్రాయమంటారు.

సూక్ష్మదర్శిని చెప్పిన సాక్ష్యం

1903లో అల్జీమర్ హైడెల్‌బర్గ్‌కు, అక్కడినుండి అదే ఏడు ఆచార్య ఎమిల్ క్రేపెలిన్‌తో కలిసి మ్యూనిక్‌కు తరలివెళ్లారు. దూరంగా ఉన్నా ఆగుస్టె స్థితిగతులు తెలుసుకుంటూనే ఉన్నారు. మ్యూనిక్ ప్రయోగశాలలో ఆయన శిష్యుల బల్లల వద్ద తిరుగుతూ, నోటిలోని చుట్టను పక్కన పెట్టి సూక్ష్మదర్శినిలోకి చూస్తూ దానిని మరచిపోయేవారట. సాయంత్రానికి ప్రతి బల్లపైనా ఒక చుట్ట పీక మిగిలేదని శిష్యులు సరదాగా చెప్పుకొనేవారు.

1906 ఏప్రిల్ 8న ఆగుస్టె మరణించింది. ఆమె మెదడు మ్యూనిక్ చేరింది. వెండి లవణాలతో రంగు పట్టించి చూడగా, కణాల వెలుపల గడ్డకట్టిన ఫలకాలు, కణాల లోపల చిక్కుపడిన నూలుపోగుల వంటి తంతువులు కనిపించాయి. ఆ ఏడు నవంబరులో ట్యూబింగెన్ సభలో ఈ సంగతి వివరించినప్పుడు సభికులలో ఒక్కరైనా ప్రశ్న అడగలేదు. ఆయన నిరుత్సాహపడినా, 1907లో వ్యాసం ప్రచురించారు. అందులో కణాల వర్ణనతో పాటు మాటల వర్ణన కూడా ఉన్నది. గిన్నె అనడానికి బదులు పాలు పోసే పాత్ర అన్న అర్థమిచ్చే పదం వాడటం, మాట మధ్యలో ఆగిపోవడం, చదివేటప్పుడు ఒక పంక్తి నుండి మరొక పంక్తికి దాటిపోవడం అందులో నమోదైనవి. 1910లో క్రేపెలిన్ తన గ్రంథంలో ఈ వ్యాధికి అల్జీమర్ పేరు పెట్టారు.

మరొక కృషి అంతగా ప్రచారం పొందలేదు. మెదడులో కొన్ని భాగాలు మాత్రమే కుంచించుకుపోయి, జ్ఞాపకం కంటే ముందుగా భాష క్షీణించే రోగులను ప్రాగ్ నగర వైద్యుడు ఆర్నాల్డ్ పిక్ 1892 నుండి వర్ణిస్తూ వచ్చారు. అటువంటి మెదడు కణాలలో ఉండే గుండ్రని ముద్దలను 1911లో అల్జీమర్ వర్ణించారు. పైకి ఒకేవిధంగా కనిపించే మతి క్షీణతలో వేర్వేరు వ్యాధులుంటాయని దీనివల్ల స్పష్టమైంది. జ్ఞాపకం ముందు పోయిందా, మాట ముందు పోయిందా అని వైద్యులు నేడు ఆరా తీయడానికి కారణమిదే.

1912లో బ్రెస్లావ్ విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవి లభించింది. అక్కడికి వెళుతూ రైలులోనే అస్వస్థులయ్యారు. ఆ అనారోగ్యం నుండి పూర్తిగా కోలుకోలేదు. 1915 డిసెంబరు 19న 51వ ఏట కన్నుమూశారు. ఆగుస్టె చికిత్సాలయంలో చేరిన వయసూ అదే. ఫ్రాంక్‌ఫర్ట్ శ్మశానవాటికలో భార్య పక్కనే ఆయనను ఖననం చేశారు.

ఆయన చూపిన బాట

ఆగుస్టెను గూర్చి ఆయన వ్రాసుకొన్న కాగితాలు చాలాకాలం కనిపించకుండా పోయి, 1990ల మధ్యలో ఫ్రాంక్‌ఫర్ట్ ఆసుపత్రి భండారంలో బయటపడ్డాయి. వాటిలోని ప్రశ్నలు, జవాబులు ఆమె మాతృభాషలో జరిగినవన్నది గమనార్హం. మాటను పరీక్షించాలంటే రోగికి బాగా వచ్చిన భాషలోనే పరీక్షించాలి. ఇంట్లో తెలుగు, బజారులో కన్నడమో, తమిళమో, ఒడియానో మాట్లాడే సరిహద్దు ప్రాంతాల పెద్దలకు ఇది మరీ ముఖ్యం. తరువాత నేర్చిన భాషలో అడిగితే రాని మాటను రోగమని పొరబడవచ్చు. బడికి వెళ్లనివారిని వ్రాయమనడం వల్లనూ ఇదే చిక్కు. అందుకే భారత వైద్య పరిశోధన మండలి తెలుగు, కన్నడం సహా ఐదు భాషలలో పరీక్షలు రూపొందింపజేసింది. హైదరాబాదులోని నిమ్స్ వైద్యులు 648 మంది రోగులను పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, ఒకే భాష వచ్చినవారికంటే రెండు భాషలు వచ్చినవారిలో వ్యాధి లక్షణాలు సుమారు నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా మొదలైనట్లు తేలింది.

ప్రాథమిక పరీక్షలో తప్పినంత మాత్రాన వ్యాధి ఉన్నట్లు కాదు. వినికిడి లోపం, థైరాయిడ్ లోపం, బి12 విటమిను కొరత, మనోవ్యాకులత కూడా మతిని మందగింపజేస్తాయి. వీటికి చికిత్స ఉన్నది. మాట అకస్మాత్తుగా పడిపోతే అది పక్షవాతం కావచ్చు గనుక వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. నెలల తరబడి మెల్లగా మాటలు జారిపోతుంటే, ఏ మాట, ఎప్పటినుండి, ఏ భాషలో తప్పుతున్నదో ఇంటివారు వ్రాసిపెట్టుకొని వైద్యునికి చూపడం మేలు. అల్జీమర్ తన పరిశోధనను ప్రారంభించినది అటువంటి వ్రాతతోనే.