మెదక్ నూరేళ్ల పండుగకు ఆర్మూరు అభినందన

2024 డిసెంబరు 25తో మెదక్ చర్చికి నూరేళ్లు నిండాయి. పసుపు పండే ఆర్మూరు నుంచి, మెదక్ డయాసిస్‌లోని ఒక సంఘం తరఫున మనసారా అభినందనలు.

175 అడుగుల గోపురం, ఫ్రాంక్ సాలిస్‌బరీ రంగుటద్దాల కిటికీలు, 1914లో మొదలై కరువు రోజుల్లో వేలమందికి కూలీ, కూడు ఇచ్చిన కట్టడం: ఇవన్నీ పండుగ ప్రసంగాల్లో వినే ఉంటారు. నా మట్టుకు మొదటి పూలదండ పల్లె ఉపదేశులకే పడాలి.

ఈ చర్చిని కట్టించిన చార్లెస్ వాకర్ పాస్నెట్ 1895లో తిరుమలగిరి సైనికులకు పాదిరిగా వచ్చి, మెదక్ చేరాక ఒక సంగతి గట్టిగా పట్టుకున్నాడు. ఊళ్లో సంఘం నిలవాలంటే దాన్ని నడిపేవాడు ఆ మట్టి మనిషే కావాలి. గలిలయ సముద్రం ఒడ్డున యేసు మొదట పిలిచింది వలలు వేసుకునే జాలరులనే కదా! మెదక్‌లో ఆ పిలుపు ఎక్కువగా మాల, మాదిగ వాడలకు వెళ్లింది. అక్షరం అందనివ్వని కాలంలో ఆ వాడల యువకులు బైబిలు చదివి, విడమరిచి చెప్పే ఉపదేశులయ్యారు. ఇంకో మంచి పని, వాళ్ల ఇల్లాళ్లకూ శిక్షణ ఇచ్చారు. పాస్నెట్ తోబుట్టువు ఎమిలీ, ఆమెతో కలిసి సేవ చేసిన సారా హారిస్ స్త్రీల మధ్యే పనిచేశారు. అందుకే ఈనాటికీ మా సంఘాల్లో పాస్టరు అయ్యగారితో పాటు ఆయన ఇల్లాలు అమ్మగారినీ అడిగిగానీ ఏ పనీ మొదలుపెట్టరు. చదువురాని వాళ్లకు పాటే పాఠం. పగలంతా పొలంలో వంగిన నడుములు రాత్రి కంజీర చప్పుడుకు లేచి కూర్చునేవి.

మా నిజామాబాద్ జిల్లాలో ఈ సేవకు మరో ముఖం డిచ్‌పల్లి. డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జ్ కెర్ కుష్ఠురోగుల కోసం అక్కడ కట్టిన ఆసుపత్రి 1915లో మొదలైంది. ఊరు వెలివేసిన మనుషులకు మందు, నీడ, పని దొరికాయి. స్థానిక దాత నర్సాగౌడ్ ఇచ్చిన విరాళాన్ని నిజామాబాద్ ఎన్నటికీ మరువకూడదు.

1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడి, మెథడిస్టు మెదక్ అందులో కలిసింది. 1964లో రాజమండ్రిలో ఆరంభమైన ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల తర్వాత హైదరాబాద్‌కు మారి, వేర్వేరు సంఘాల పిల్లల్ని ఒకే బెంచీ మీద కూర్చోబెట్టింది. 2013లో ఎగ్గోని పుష్పలలిత నంద్యాల బిషప్ అయ్యారు. దక్షిణ ఇండియా సంఘంలో తొలి మహిళా బిషప్ మన తెలుగు బిడ్డ. ఉపదేశి భార్యకు పలక అందిన నాటి నుంచి ఎంత దూరం నడిచామో!

ఈ సంఘం ఎవరి చేతుల మీద నిలిచిందో చూడాలంటే మా పంట పండుగకు రండి. బియ్యం, మక్కకంకులు, సొరకాయలు, కాళ్లు కట్టిన కోడిపుంజు, దోసెడు పసుపు కొమ్ములు ప్రభు బల్ల ముందు చేరతాయి. ఆరాధన అయ్యాక వేలం. సంఘపెద్ద పుంజును పైకెత్తి ధర పిలుస్తాడు. కూలికి పోయే అవ్వ పాటలో ఆ కొమ్ముల్నే రెట్టింపు పెట్టి కొంటుంది. సంఘాన్ని పోషించేది ఇదిగో, ఈ చేతులే.

రెండో నూరేళ్లకు మా కోరిక ఒకటే. పోచంపాడు ప్రాజెక్టు నీళ్లలో వలేసే ఇంటి నుంచి, పసుపు ఉడకబెట్టే కళ్లం నుంచి ఆడపిల్లలూ మగపిల్లలూ వేదాంత చదువుకు రావాలి. వాళ్ల ఫీజు భారం పెద్ద సంఘాలు మోయాలి.