రామానుజన్ వెంట సముద్రం దాటిన రోగం

శుక్రవారం వస్తే మాలియాలో మనవాళ్ల సందడి అందరికీ తెలిసిందే. కడప, రాయచోటి, గోదావరి జిల్లాల నుంచి వచ్చినవాళ్లంతా అక్కడే కలుస్తారు. ఊరి కబుర్లు చెప్పుకుంటారు. ఆమధ్య ఒక పెద్దాయన అక్కడే పక్కకు పిలిచి, చొక్కా ఎత్తి మాకు నడుము చూపించాడు. ఒకవైపు మాత్రమే పట్టీ కట్టినట్టు ఎర్రటి పొక్కులు. నిప్పు తాకినంత మంట అన్నాడు. గదిలో ఒకాయన చూసి సర్పి అని చెప్పాడట. ఎవరి దగ్గరో కొత్తగా అంటించుకొచ్చాడని పక్క మంచం వాళ్లు దూరం జరిగారట. పెద్దాయనకు మంట కన్నా ఆ మాటే ఎక్కువ బాధ పెట్టింది.

నిజానికి అది కువైట్‌లో అంటిన రోగం కాదు. చిన్నప్పుడు ఊళ్లో ఆయనకు పోసిన ఆటలమ్మే మళ్లీ లేచింది. ఆటలమ్మ తగ్గాక పొక్కులు మాడిపోతాయిగానీ ఆ వైరస్ ఒంట్లోంచి పోదు. వెన్నెముక పక్కనున్న నరాల కణాల్లో దూరి పడుకుంటుంది. దాని జన్యు పదార్థం కణం నడిబొడ్డున ఉండిపోతుందిగానీ, కొత్త వైరస్‌లను తయారు చేయదు. చప్పుడు చేయని దొంగను కాపలావాడు ఎలా పట్టుకుంటాడు? వయసు మీద పడినా, రోగాన్ని ఎదిరించే శక్తి తగ్గినా అది నిద్ర లేచి, నరం వెంట చర్మం దాకా నడిచి వస్తుంది. ఆ నరం పోయే దారిలోనే పొక్కులు లేస్తాయి. మొదటి 72 గంటల్లోపు డాక్టర్ దగ్గరికి వెళ్లి మందు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. పొక్కుల నీరు తగిలితే ఆటలమ్మ ఎన్నడూ రానివాళ్లకు ఆటలమ్మ రావచ్చు. అందుకని అవి ఎండేదాకా గుడ్డ కప్పుకుంటే చాలు. మంచం దూరం జరపాల్సిన పని లేదు.

ఇలా దాక్కునేవి ఇంకా ఉన్నాయి. హెచ్ఐవీ కొన్ని రక్తకణాల్లో దాక్కుంటుంది. హెపటైటిస్ బి కాలేయ కణాల్లో తన జన్యువును చుట్టలా వదిలి వెళ్తుంది. కువైట్ వీసాకు మెడికల్‌లో ఈ రెంటికీ రక్తపరీక్ష చేసేది, క్షయ కోసం ఛాతీ ఎక్స్‌రే తీసేది మనకు తెలుసు. మనిషి పైకి ఎంత గట్టిగా కనిపించినా లోపల ఏదో నిద్రపోతూ ఉండొచ్చు. వైరస్‌లే కాదు, క్షయ సూక్ష్మజీవి, జిగట విరేచనాలు తెచ్చే అమీబా కూడా ఏళ్ల తరబడి అణగి ఉండగలవు. సరిగ్గా అలాంటి రోగమే ఒక మహానుభావుణ్ని 32 ఏళ్లకే మనకు కాకుండా చేసిందని నమ్మడానికి గట్టి ఆధారాలున్నాయి. ఆయనే శ్రీనివాస రామానుజన్. ఆయనా మనలాగే ఇల్లు వదిలి, సముద్రం దాటి పోయినవాడే.

రామానుజన్ 1887 డిసెంబర్ 22న ఈరోడ్‌లో పుట్టారు. పెరిగింది కుంభకోణంలో. తండ్రి చీరల కొట్లో గుమస్తా. రెండేళ్ల వయసులో మశూచి సోకినా బతికి బయటపడ్డారు. కాలేజీలో చేరాక లెక్కలు తప్ప మరో పాఠం ముట్టలేదు. స్కాలర్‌షిప్ పోయింది. 1905లో ఇంట్లో చెప్పకుండా రైలెక్కి మన విశాఖపట్నం వచ్చేశారు. కొన్నాళ్లకు ఇంటికి చేరి, 1906లో మద్రాసు పచ్చయ్యప్ప కాలేజీలో చేరారు. అక్కడే జిగట విరేచనాలు పట్టుకున్నాయి. చదువు ఆపి కుంభకోణం వెళ్లి నెలల తరబడి మంచాన ఉన్నారు. తర్వాత తగ్గింది. అందరూ ఆ సంగతి మరిచిపోయారు.

1909లో జానకితో పెళ్లయింది. ఆమెకప్పుడు పదేళ్లు. ఉద్యోగం కోసం గడప గడపా తిరిగి, 1912లో మద్రాసు పోర్ట్ ట్రస్ట్‌లో నెలకు 30 రూపాయల గుమస్తా పని సంపాదించారు. 1913 జనవరిలో కేంబ్రిడ్జిలోని హార్డీకి తన సూత్రాలు ఉత్తరంలో రాసి పంపారు. హార్డీ వాటి విలువ గుర్తుపట్టి రమ్మన్నారు. సముద్రం దాటితే కులం వెలివేసే రోజులవి. అయినా 1914 మార్చి 17న పిలక తీసేసి, భార్యను తల్లి దగ్గర వదిలి ఓడ ఎక్కారు.

వెళ్లిన కొన్ని నెలలకే మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. శాకాహారికి కూరగాయలు దొరకడమే గగనమైంది. గదిలో తానే వండుకునేవారు. లెక్కల్లో పడితే వంటా లేదు, నిద్రా లేదు. అత్తాకోడళ్ల గొడవల్లో భార్య ఉత్తరాలు సరిగా చేరేవి కావని జీవితచరిత్ర రాసినవారు చెబుతారు. చలి, ఒంటరితనం, అర్ధాకలి. కువైట్ గదుల్లో బతికే మనకు ఇందులో వివరించి చెప్పాల్సిందేమీ లేదు.

1917 వసంతంలో జబ్బు పడ్డారు. రాత్రిపూట జ్వరం, కడుపులో నొప్పి, చిక్కిపోవడం. ఒక డాక్టర్ కడుపులో పుండు అన్నారు. ఇంకొకరు కాలేయ క్యాన్సర్‌ను అనుమానించారు. చివరికి ఎక్కువమంది క్షయ అని తేల్చారు. శానిటోరియంలో పెట్టి, కిటికీలు తెరిచి, చలిగాలిలో పడుకోబెట్టారు. ఒక దశలో ప్రాణం తీసుకోవాలన్నంత నిరాశ ఆవరించింది. అదే 1918లో రాయల్ సొసైటీ ఫెలోగా ఎన్నికయ్యారు. ఆ గౌరవం దక్కిన రెండో భారతీయుడు ఆయన. ట్రినిటీ కాలేజీ ఫెలోషిప్ కూడా ఆ ఏడాదే వచ్చింది. ఆస్పత్రి మంచం మీద ఉండగానే, హార్డీ ఎక్కి వచ్చిన టాక్సీ నంబరు 1729 విని, రెండు ఘనాల మొత్తంగా రెండు రకాలుగా రాయగల అతిచిన్న సంఖ్య అదేనని చెప్పారు. బుద్ధి అంత చురుగ్గా ఉంది, ఒళ్లు మాత్రం కరిగిపోతోంది.

1919లో ఇల్లు చేరారు. జానకి పక్కనుండి సేవ చేసింది. మంచం మీదే కాగితాలు నింపుతూ, కొత్త సూత్రాలు కనిపెడుతూ, 1920 ఏప్రిల్ 26న మద్రాసు చేట్‌పట్‌లో కన్నుమూశారు.

డాక్టర్ డి.ఎ.బి. యంగ్ పాత రికార్డులన్నీ తిరగేసి 1994లో ఒక వ్యాసం రాశారు. రామానుజన్ లక్షణాలు క్షయకు సరిపోవని, కాలేయంలో అమీబా చీము గడ్డకు సరిపోతాయని తేల్చారు. కలుషితమైన నీటితో వచ్చే అమీబా పేగుల్లో అణగి ఉండి, రక్తం ద్వారా కాలేయానికి చేరి, నెలలకో ఏళ్లకో గడ్డ కట్టగలదు. అంటే మద్రాసులో తగ్గిందనుకున్న విరేచనాలే ఇంగ్లండ్ దాకా వెంట వెళ్లాయన్నమాట. శవపరీక్ష జరగలేదు కాబట్టి నూటికి నూరుపాళ్లూ రుజువు చేయలేం. బాధాకరమైన విషయం మరొకటుంది. ఆ రోగానికి అప్పటికే మందుంది. ఎమెటిన్ ఇంజక్షన్ బాగా పనిచేస్తుందని 1912లోనే కలకత్తాలో లియోనార్డ్ రోజర్స్ చూపించారు. ఇంగ్లండ్ డాక్టర్ల చూపు మాత్రం అటు పోలేదు. ఆ వ్యాసం వచ్చిన 1994లోనే జానకమ్మ కూడా వెళ్లిపోయారు. 74 ఏళ్ల వైధవ్యం ఆమెది.

పాత రోగాల గురించి చెబితే ఎక్కడ పని పోతుందో, ఎక్కడ అన్‌ఫిట్ రాసేస్తారోనన్న భయం మనవాళ్లలో ఉంది. ఆ భయం ఊరికే పుట్టలేదు, మాకూ తెలుసు. కానీ జబ్బు పడి డాక్టర్ ముందు కూర్చున్నప్పుడు మాత్రం దాచొద్దు. ఆటలమ్మ పోసిందా, పచ్చకామెర్లు వచ్చాయా, క్షయ మందులు వాడారా, నెలల తరబడి విరేచనాలు పట్టాయా, అన్నీ చెప్పండి. గుర్తులేకపోతే ఇంటికి ఫోన్ చేసి అమ్మనో అక్కనో అడగండి. డాక్టర్‌కు ఊరు తెలియదు, మన బాల్యం తెలియదు. మనం చెబితేనే తెలుస్తుంది.

మాలియాలో కలిసిన పెద్దాయన మర్నాడే క్లినిక్‌కి వెళ్లాడు. మందు వాడాక పొక్కులు ఎండాయి. పక్క మంచం వాళ్లకు ఆటలమ్మ కథంతా తానే వివరించాడట. మంచాలు మళ్లీ దగ్గరికి వచ్చాయని నవ్వుతూ చెప్పాడు.